ఆన్‌లైన్ కోర్సులు: వయసును బట్టి అభ్యాసకుల వైఖరి

బడికో కాలేజీకో వెళ్లకుండా ఇంటర్నెట్ ద్వారా పాఠం విని, అభ్యాసాలు చేసి, అవసరమైతే పరీక్ష కూడా రాసే చదువును ఆన్‌లైన్ కోర్సు అంటున్నాం. మూడో తరగతి పిల్లవాడు ఫోన్లో వినే లెక్కల పాఠం, బీటెక్ విద్యార్థి క్రెడిట్ల కోసం చేసే కోర్సు, ఉద్యోగం మారాలనుకునేవారు రాత్రిపూట నేర్చుకునే ప్రోగ్రామింగ్, రిటైరయ్యాక తీరిగ్గా వినే చరిత్ర ఉపన్యాసాలు, అన్నీ ఈ ఒక్క పేరు కిందికే వస్తాయి. చిన్నవాళ్లకు ఇవి ఇష్టమనీ పెద్దవాళ్లకు బెరుకనీ అనుకోవడం మామూలు. పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని పెద్దగా సమర్థించవు. ఫోన్ వాడటంలో చిన్నవాళ్లు చురుకైనవాళ్లే. ఆ చురుకుదనం ఉన్నంతమాత్రాన పాఠం మీద ఇష్టం పుట్టదు. వయసుతో పాటు మరో మూడు సంగతులు మారుతుంటాయి: కోర్సును ఎంచుకున్నది ఎవరు, దానికి సమయం ఎక్కడినుంచి తెస్తున్నారు, పూర్తిచేయకపోతే పోయేదేమిటి. అభ్యాసకుల మనసు తెలుసుకోవడానికి పుట్టిన సంవత్సరం కన్నా ఇవే ఎక్కువ పనికివస్తాయి.

నేపథ్యం

ఇంట్లో కూర్చుని డిగ్రీ చదవడం తెలుగువారికి ఇంటర్నెట్‌తో వచ్చిన అలవాటు కాదు. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డే 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇగ్నోకు కూడా మొదటి ఉపకులపతి అయ్యారు. ఇంటర్ చదవనివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండటంతో, చదువు మధ్యలో ఆగిపోయినవారెందరో ఉద్యోగం చేసుకుంటూనో ఇల్లు చూసుకుంటూనో పట్టభద్రులయ్యారు. అచ్చు పుస్తకాలు, రేడియో పాఠాలు, సెలవురోజు స్టడీ సెంటర్లో క్లాసులు, ఇవే అప్పటి సాధనాలు. నలభై ఏళ్ల మనిషి మళ్లీ పరీక్ష రాస్తే వింతగా చూడని వాతావరణం తెలుగునాట ఆ రోజుల్లోనే ఏర్పడింది.

వేలాదిమంది ఒకేసారి చేరగల ఉచిత కోర్సులకు ‘మూక్’ అనే పేరు 2008లో కెనడాలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సుతో వచ్చింది. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కృత్రిమ మేధ మీద పెట్టిన కోర్సులో దాదాపు 1,60,000 మంది చేరారు. మరుసటి ఏడాదే యుడాసిటీ, కోర్సెరా, ఎడ్‌ఎక్స్ మూడూ మొదలయ్యాయి. ఎడ్‌ఎక్స్‌కు తొలి సారథి, మంగళూరులో పెరిగిన అనంత్ అగర్వాల్. 2012లో ఎంఐటీ తెచ్చిన తొలి కోర్సు ఎలక్ట్రానిక్స్ మీద. అందులో సుమారు 1,55,000 మంది పేరు నమోదు చేసుకుంటే సర్టిఫికెట్ అందుకున్నది 7,157 మంది. పూర్తి మార్కులు తెచ్చుకున్నవారిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు చెందిన 15 ఏళ్ల కుర్రాడు ఒకడు.

మన దేశంలో ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ ప్రారంభించాయి. మొదట అది వీడియో పాఠాల భాండాగారం మాత్రమే. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం 2014లో మొదలైంది. అన్ని రకాల కోర్సులకూ వేదికగా కేంద్ర ప్రభుత్వం స్వయం పోర్టల్‌ను 2017 జూలై 9న తెచ్చింది.

ఈ కోర్సుల గురించి మాట్లాడేవారు ముందుగా ఎత్తి చూపేది మధ్యలో వదిలేసేవారి సంఖ్య. హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల సమాచారాన్ని జస్టిన్ రైక్, హోసే రుయిపెరెస్ వాలియెంటె 2019లో సైన్స్ పత్రికలో విశ్లేషించారు. పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా మంది పాఠాలను తెరిచి చూడనేలేదు. 2017–18లో పూర్తిచేసినవారు 3.13 శాతం. అయితే వదిలేయడానికి విసుగొక్కటే కారణమని చెప్పలేం. రెనె కిజిల్చెచ్, అతని సహచరులు 2013లో అభ్యాసకులను నాలుగు రకాలుగా విడదీశారు: పూర్తిచేసేవారు, పరీక్షల జోలికి పోకుండా పాఠాలు మాత్రం వినేవారు, కొంతదూరం వచ్చి ఆగిపోయేవారు, అక్కడక్కడా రుచి చూసి వెళ్లేవారు. వయసును బట్టి వైఖరి ఎలా మారుతుందో చూసేటప్పుడు ఈ విభజనను గుర్తుంచుకోవడం అవసరం.

బడిపిల్లలు

ఈ వయసువారికి ఆన్‌లైన్ చదువు ఒక ప్రత్యామ్నాయంగా రాలేదు. 2020లో కోవిడ్ కారణంగా ప్రపంచమంతటా బడులు మూతపడినప్పుడు, యునెస్కో లెక్క ప్రకారం 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువుకు అంతరాయం కలిగింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్ చానళ్లు, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసింది. ప్రైవేటు బడుల పిల్లలకు జూమ్, గూగుల్ మీట్ క్లాసులు. ఎంచుకున్నవారు ఎవరూ లేరు, పిల్లలూ కాదు, టీచర్లూ కాదు. అప్పటి చేదు జ్ఞాపకాల నుంచి ఆన్‌లైన్ చదువు మీదే తీర్పు చెప్పేవారు ఈ సంగతిని పట్టించుకోరు.

ఇంట్లో ఒక్కటే ఫోన్, అది నాన్నతో పాటు పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది. ఆ కాలంలో చాలా ఇళ్ల కథ ఇది. గ్రామీణ విద్య మీద వచ్చే అసర్ సర్వే 2018లో 36.5 శాతం విద్యార్థుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు చూపగా 2020లో అది 61.8 శాతానికి, 2021లో 67.6 శాతానికి పెరిగింది. కానీ 2021లోనే, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లల్లో నాలుగోవంతుకు పైగా, అంటే 26.1 శాతం మందికి అది చదువు కోసం చేతికి అందలేదని తేలింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వరుసలో ఉంటే టెన్త్ చదివే పెద్దవాడికే ముందు. చిన్నవాళ్ల క్లాసు రేపటికి. ఇలాంటి పిల్లలను ఆన్‌లైన్ పాఠం నచ్చిందా అని అడిగితే వచ్చే జవాబు పాఠం గురించి కాదు, ఫోన్ గురించి.

మరీ చిన్నపిల్లల అభిప్రాయాలను కొలవడంలో ఇంకో చిక్కు ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లల పక్కన క్లాసంతసేపూ కూర్చున్నది అమ్మలు. మ్యూట్ తీసింది, హోంవర్కు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది వాళ్లే. సర్వే పత్రం నింపిందీ వాళ్లే కాబట్టి ‘పిల్లల వైఖరి’ పేరుతో అచ్చయిన వాటిలో చాలా భాగం తల్లుల అలసట అనుకోవచ్చు. కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు తెచ్చి పూర్వ ప్రాథమిక పిల్లలకు రోజుకు 30 నిమిషాలు మించకూడదనీ, ఎనిమిదో తరగతి వరకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండు చాలనీ చెప్పింది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి ఇబ్బంది రూపం మారుతుంది. ఆ వయసులో తమ ముఖం తెరమీద కనపడటమే పెద్ద బెంగ. వీడియో సమావేశాల అలసటకు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో చెప్పిన నాలుగు కారణాల్లో గంటల తరబడి తన ముఖాన్ని తానే చూసుకోవలసి రావడం ఒకటి. మిగిలినవి అతి దగ్గరగా తోచే చూపులు, కదలకుండా కూర్చోవడం, సైగలు అందక మనసు మీద పడే అదనపు భారం. క్లాసులో వరుసగా కెమెరాలు ఆఫ్ అయిపోవడాన్ని టీచర్లు అవిధేయతగా తీసుకున్నారు కానీ అందులో కొంత సిగ్గు, ఇంకొంత వెనక కనపడే ఇంటి గురించిన జంకు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పుకోవాలి. 14–18 ఏళ్లవారి మీద అసర్ 2023లో చేసిన సర్వే ప్రకారం, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. వయసొకటే, తరగతి ఒకటే. అయినా ఒకరు ఎప్పుడంటే అప్పుడు పాఠం తెరవగలరు, మరొకరు అడిగి తీసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించి ఎనిమిదో తరగతి విద్యార్థులకు బైజూస్ పాఠాలున్న ట్యాబులు పంచింది. పరికరాన్ని పిల్లల చేతికే ఇవ్వడం అందులో కొత్తదనం.

కాలేజీ వయసు

పద్ధెనిమిది నుంచి ఇరవైరెండేళ్ల మధ్యవారి వైఖరిలో లెక్క ఎక్కువ. స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకునే క్రెడిట్లను యూజీసీ 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు అనుమతిస్తున్నాయి. దీంతో కోర్సును మనసుపడి చేసేవారికీ సబ్జెక్టు గట్టెక్కాలని చేసేవారికీ ఒకే దారి ఏర్పడింది. స్వయం ద్వారా నడిచే ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పాఠాలు, అసైన్‌మెంట్లు ఇంట్లోనే. పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. గడువుకు ముందురోజు రాత్రి అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రాం గ్రూపుల్లో తిరగడం తెలియని విద్యార్థి ఉండడు. పరీక్ష హాలు ఈ తంతును కొంతవరకు సరిచేస్తుంది. ‘ఎలీట్’, ‘గోల్డ్’ అనే ముద్రలున్న సర్టిఫికెట్లకు రెజ్యూమెలో చోటుంటుందన్న ఆశ కూడా ఈ వయసువారిని చివరిదాకా నడిపిస్తుంది.

వీడియో చూసే తీరులో ఈ తరం పద్ధతి ప్రత్యేకం: వేగం పెంచి వినడం, అక్కర్లేనిది దాటేయడం, పరీక్షకు ముందు ఒక్కసారిగా కూర్చోవడం. పాఠం నిడివి గురించి ఫిలిప్ గువో, అతని సహచరులు 2014లో ఎడ్‌ఎక్స్‌లోని 69 లక్షల వీక్షణలను పరిశీలించి, వీడియో ఎంత పొడవైనా మధ్యస్థంగా మనిషి నిలిచేది ఆరు నిమిషాలకు మించదని చెప్పారు. గంటసేపు బోర్డు ముందు నిలబడి చెప్పిన పాఠాన్ని అలాగే రికార్డు చేసి పెట్టే మన కాలేజీలకు ఈ సంగతి చేరినట్టు లేదు.

ఇష్టం సంగతి అటుంచితే, ఫలితాల్లో ఈ వయసువారే ఎక్కువ నష్టపోతున్నారనడానికి గట్టి ఆధారం అమెరికాలో దొరికింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల్లో 40,000 మందికి పైగా విద్యార్థులు చదివిన దాదాపు 5,00,000 కోర్సుల వివరాలను డి షు, షానా జాగర్స్ 2014లో పరిశీలించారు. ముఖాముఖి క్లాసుల నుంచి ఆన్‌లైన్‌కు మారినప్పుడు అందరి ఫలితాలూ కొంత తగ్గాయి. చిన్న వయసువారు, మగపిల్లలు, నల్లజాతి విద్యార్థులు, అంతకుముందే మార్కులు తక్కువగా ఉన్నవారి విషయంలో తగ్గుదల మరింత ఎక్కువ. వయసులో పెద్దవాళ్లు మెరుగ్గా సర్దుకున్నారు. ఎవరూ అడగనప్పుడు కూడా పుస్తకం తెరిచే అలవాటు ఫోన్ వాడకంతో రాదు.

స్వయంగా ఎంచుకున్నప్పుడు ఇదే వయసు పిల్లలు ఎంత కష్టానికైనా సిద్ధపడతారు. ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, వయోపరిమితి లేదు. కొన్ని వారాల పాఠాలు విని అర్హత పరీక్ష నెగ్గితే చేరవచ్చు. మరో కాలేజీలో డిగ్రీ చదువుతూనే దీన్నీ చేసేవారున్నారు, ఉద్యోగాలు చేస్తూ చేరేవారున్నారు. ఒకే అసైన్‌మెంటును పందొమ్మిదేళ్ల విద్యార్థి, నలభై దాటిన ఉద్యోగి చేయడం ఇక్కడ మామూలు విషయం.

ఉద్యోగం, సంసారం

హార్వర్డ్, ఎంఐటీలు తమ తొలి 17 కోర్సుల సమాచారాన్ని 2014లో ప్రచురించినప్పుడు తేలిన సంగతి: చేరినవారి మధ్యస్థ వయసు 26. చాలామందికి అప్పటికే డిగ్రీ ఉంది. పేదపిల్లలకు ప్రపంచస్థాయి చదువు అని ప్రచారం జరిగింది కానీ, ముందుగా అందుకున్నది చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నవారు.

పెద్దలు నేర్చుకునే తీరు గురించి రాసిన అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్, ఇది నాకెందుకు అన్న ప్రశ్నకు జవాబు దొరికితేనే పెద్దలు చదువులో దిగుతారని అన్నాడు. హైదరాబాదు అమీర్‌పేటను చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో జావా, టెస్టింగ్, క్లౌడ్ నేర్చుకునేవారికి ప్రశ్న ఒక్కటే, దీనితో ఉద్యోగం వస్తుందా లేదా. కోవిడ్ తరువాత ఆ శిక్షణ చాలావరకు ఆన్‌లైన్‌కు మారింది. అమెరికాలో ఉన్నవారికి వీలైన వేళల్లో నడిచే బ్యాచ్‌లు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఊళ్లో ఉండి నేర్చుకునేవారికి హాస్టల్ ఖర్చు మిగిలింది. అయినా వాళ్ల సంతోషం సగమే. అమీర్‌పేట హాస్టల్ గది చదువుకు మించిన చోటు. ఏ కంపెనీలో ఖాళీలున్నాయో, ఇంటర్వ్యూలో ఏం అడిగారో, ఎవరు రెఫర్ చేస్తారో తెలిసేది అక్కడ. ఆన్‌లైన్ బ్యాచ్‌లో పాఠం వస్తుంది, పరిచయాలు రావు. దూరవిద్యలో దూరమంటే కిలోమీటర్లు కాదనీ, గురుశిష్యుల మధ్య మాటా మంతీ లేకపోవడమనీ విద్యావేత్త మైకేల్ మూర్ చేసిన సిద్ధాంతం ఇక్కడ సహాధ్యాయులకు కూడా వర్తిస్తుంది.

ముప్పై అయిదు దాటాక కొరత సమయానిది. పిల్లలు నిద్రపోయాక, లేదా వాళ్లు లేవకముందు దొరికే గంటలోనే ఏదైనా. క్లాసు నిర్ణీత సమయానికి ఉంటే విసుగు, ఎప్పుడైనా చూసే వీలుంటే వాయిదా. ఈ రెండింటి మధ్య నలిగే వయసిది. కాన్పుల తరువాత ఉద్యోగం మానేసి మళ్లీ ప్రయత్నించే స్త్రీలు ఈ కోర్సులను గట్టిగా సమర్థిస్తారు. బయటికి వెళ్లి నేర్చుకోవాలంటే ఇంట్లో సాగే చర్చ వారికి తప్పుతుంది. కానీ కోర్సు ఇంట్లోనే ఉండటం వల్ల వారి చదువును ఎవరూ పనిగా లెక్కపెట్టరు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా కుక్కర్ విజిల్ లెక్క వాళ్లదే.

ఇదే వయసులో బలవంతపు అభ్యాసకులూ ఉన్నారు. ప్రభుత్వ ఉపాధ్యాయులకు ‘నిష్ఠ’ శిక్షణ 2020 అక్టోబరు నుంచి దీక్షా వేదిక మీద ఆన్‌లైన్‌లో సాగింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ‘మిషన్ కర్మయోగి’ కింద ఐగాట్ వేదిక ఉంది. గడువులోగా పూర్తిచేయాలని సర్క్యులర్ వచ్చినప్పుడు వీడియోను ఒక పక్క నడవనిచ్చి మరోపక్క పనిచేసుకోవడం, చివర ప్రశ్నలకు సహోద్యోగిని అడిగి జవాబులు పెట్టడం తెలిసినవే. నిన్న క్లాసులో కెమెరా ఆన్ చేయమని పిల్లలను గద్దించిన మాస్టారే ఇవాళ ఈ పని చేస్తాడు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వైఖరిని నిర్ణయించడంలో వయసు కన్నా ఎంపిక బలమైనదని దీనికన్నా బాగా చూపే ఉదాహరణ దొరకదు.

ప్రవాసుల విషయంలోనూ ఈ తేడా కనబడుతుంది. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో తెలుగు నేర్చుకునే పిల్లలు చాలావరకు అమ్మానాన్నల కోరిక మీద వచ్చినవారు. క్లాసు తెరమీదికి మారితే వాళ్ల చూపును నిలపడం కష్టం. కాలిఫోర్నియాలో 2016లో ఏర్పడిన యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్రలో కూచిపూడి, కర్ణాటక సంగీతం ఆన్‌లైన్‌లో చదివేవారు పెద్దలు, తామే ఫీజు కట్టి చేరినవారు. అడుగు, ముద్ర గురువు చేత్తో సరిదిద్దవలసిన విద్యను కెమెరా ముందు నేర్చుకోవడం తేలిక కాదని తెలిసే వస్తారు.

అరవై దాటినవారు

ఫ్రాన్సులోని తులూజ్‌లో 1973లో రిటైరైనవారి కోసం ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ మొదలైంది. పరీక్షలు, పట్టాలు లేని ఈ పద్ధతి 1982లో బ్రిటన్‌కు, తరువాత ఆస్ట్రేలియాకు పాకింది. ఆస్ట్రేలియాలో 1990ల చివర్లోనే ఇంటర్నెట్ ద్వారా కోర్సులు నడిపారు. వృద్ధులకు ఆన్‌లైన్ చదువు గిట్టదన్న మాట పుట్టకముందే వాళ్లు చదవడం మొదలుపెట్టారన్నమాట.

లీడ్స్ విశ్వవిద్యాలయం ఫ్యూచర్‌లెర్న్‌లో నడిపిన అయిదు కోర్సుల మీద 2015లో వచ్చిన అధ్యయనంలో, పూర్తిచేసేవారిలో వయసు పైబడినవారి, రిటైరైనవారి పాలు ఎక్కువని తేలింది. పాఠం చదివే తీరూ వేరు. ఫిలిప్ గువో, కథరీనా రైనెకె 2014లో నాలుగు ఎడ్‌ఎక్స్ కోర్సుల్లోని 1,40,546 మంది అభ్యాసకులను గమనించారు. వయసు ఎక్కువైనవారు పాఠ్యభాగాన్ని ఎక్కువగా చదువుతారనీ, ముందుకు పోతూ మాటిమాటికీ వెనకటి పాఠాలకు మళ్లుతారనీ చూశారు. పదిమందిలో ‘మళ్లీ చెప్పండి’ అని అడగడానికి మొహమాటపడే పెద్దమనిషికి, ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోని పాఠం ఎంత ఊరటో ఊహించవచ్చు.

వేగం విషయంలో మాత్రం వయసు తన లెక్క తాను చెబుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిలన్ మర్ఫీ, అతని సహచరులు 18–36, 61–94 ఏళ్ల వారిని పోల్చారు. వీడియోను ఒకటిన్నర రెట్లు వేగంగా నడిపినా యువకుల జ్ఞాపకం పెద్దగా దెబ్బతినలేదు, పెద్దలకు మాత్రం నష్టం జరిగింది. మరోవైపు, వింటూ మనసు ఇంకెక్కడికో పోవడం పెద్దల్లోనే తక్కువ.

వీరి అసలు కష్టం పాఠానికి ముందే ఉంది. ఖాతా తెరవాలి, పాస్‌వర్డ్ పెట్టాలి, ఓటీపీ వస్తే చెప్పాలా వద్దా తేల్చుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు రోజూ హెచ్చరిస్తుంటే, కోర్సులో చేరడానికి అదే ఓటీపీ అడగటం వారికి దొంగ లింకులా తోచడంలో వింత లేదు. మనవడో కోడలో ఒకసారి తెరిచి పెడితే తరువాత సాగిపోతుంది. ఫోన్ తెర మీది సన్న అక్షరాలు, చత్వారం, వినికిడి తగ్గడం ఇంకో వరస. తెర కింద అక్షరాలు వేస్తే చాలావరకు తీరే సమస్య ఇది. ఎన్‌పీటెల్ కొన్ని పాఠాల వ్రాతప్రతులను తెలుగులోకి కూడా తెచ్చింది. ఇంజినీరింగ్ విద్యార్థులను ఉద్దేశించి చేసినా, ఇంగ్లీషు ఉచ్చారణ అందుకోలేని పెద్దలకూ పనికివచ్చే ఏర్పాటు. ఈ వయసువారు ఎక్కువగా ఇష్టపడే చరిత్ర, తత్వశాస్త్రం, సంగీతం మీద తెలుగులోనే పద్ధతిగా నడిచే కోర్సులు తక్కువ. కాబట్టి యూట్యూబ్ ఉపన్యాసాలే వారికి కాలేజీ.

ఎన్‌పీటెల్ కోర్సు వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. పన్నెండు వారాలూ వదలకుండా విని, నోట్సు రాసుకుని, సర్టిఫికెట్ అక్కర్లేక పరీక్షకు వెళ్లని రిటైర్డు లెక్చరర్, మొదటి వారంతోనే మానేసిన ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇద్దరూ సర్టిఫికెట్ల లెక్కలో పూర్తిచేయనివారి కిందే నమోదవుతారు.